స్థానికులు చర్చించుకుంటున్నారు

ఆ వాక్యం రాసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టాడని తర్వాత ఎవరూ అనకుండా. నా పేరు అరుణ్‌కుమార్. సిద్దిపేటలో ఇరవై రెండేళ్లుగా ఒక దినపత్రికకు విలేకరిని. జీతం సంగతి అడగొద్దు, నాకు కోపం వస్తుంది. అసలే నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ప్రసూన ఊరంతా చెప్పుకుంటుంది. అది నిజమే కావచ్చు గానీ, ఊరంతా చెప్పడం దేనికి?

మా పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ఇక్కడి విలేకరులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పోలీసులు చెప్పిన సంగతి అందులో పడుతుంది. ఎవరికి తీరిక ఉంటే వాళ్లు దాన్ని వార్తగా టైపు చేస్తారు. మిగిలినవాళ్లం ఎత్తి, పేపరాఫీసుల్లో వార్తలు దిద్దే మా మా డెస్కులకు పంపేస్తాం. అయితే అన్ని పేపర్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకే వార్త వస్తే డెస్కు వాళ్లు తిడతారు. అందుకని ఎవరి వార్తకు వాళ్లం చివర ఒక తోక తగిలిస్తాం. 'పలువురు హర్షం వ్యక్తం చేశారు.' 'గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి.' 'స్థానికులు చర్చించుకుంటున్నారు.' ఈ తోకల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. హర్షం వ్యక్తం చేసిన ఆ పలువురిలో ఒక్కరినైనా నేను ఇరవై రెండేళ్లలో కలవలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం పాత బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని ఉన్నాను. ఎడమ చేతిలో మిర్చి బజ్జీ, కుడి చేతిలో ఫోను. మా పేపరులో నేరవార్తలు చూసే కుర్రవాడు అక్కన్నపేటలో పెళ్లికి పోయాడు, ఆ రోజుకు ఆ పని నా నెత్తిన పడింది. గ్రూపులో వార్త వచ్చింది. నేత కార్మికుడు ఉప్పలయ్య కూతురు, పద్దెనిమిదేళ్ల ప్రవీణ, పొద్దున్నే ఇంట్లోంచి వెళ్లి కనిపించడం లేదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది. తండ్రి ఫిర్యాదు చేశాడు. అంతే, నాలుగు ముక్కలు. నాలుగు ముక్కలకు డెస్కు ఏం మురుస్తుంది? బజ్జీ నమలడం ఆపకుండానే తోక తగిలించాను. 'ప్రేమ వ్యవహారమే కారణమని స్థానికులు చర్చించుకుంటున్నారు.' పంపేసి చెయ్యి కడుక్కున్నాను.

ఆ పిల్ల ఆ రాత్రికే ఇంటికి వచ్చేసింది. నాకు తెలియదు. తెలుసుకోలేదు అనడం ఇంకా సరైన మాట.

ఇప్పుడు మా డాబా సంగతికి వస్తాను. మా అమ్మాయి సింధుజ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ప్రతి ఆదివారం పొద్దున దాని క్లాసువాళ్లు ఇద్దరు, వినీత, సిద్ధార్థ అనే పిల్లలు, మా ఇంటికి వస్తారు. వారం పేపర్లన్నీ డాబా మీద చాప పరిచి ముందేసుకుంటారు. తలా ఒక ఎర్ర పెన్ను. వార్తలు చదివి తప్పులు దిద్దుతారు. అక్షర దోషాలు కావు, మనసులోని దోషాలట. ఈ మాట సింధుజదే. దానికి అక్షరాలు నేర్పింది నేను, మా పేపరు హెడ్డింగుల మీద వేలు పెట్టించి. ఆ వేలే ఇప్పుడు నా కంట్లోకి వస్తోంది.

ఆ వార్త వచ్చిన తర్వాతి ఆదివారం నేను చాయ్ గ్లాసులు పట్టుకుని పైకి పోయేసరికి సభ మంచి వేడి మీద ఉంది.

"గీ ఫోటో జూడు బాపూ," అంది సింధుజ. "నాటు వేస్తున్న రైతులు అని రాసిన్రు. పదకొండు మంది ఉన్నరు, పదకొండు మందీ ఆడోల్లే. గట్టు మీద ఒకాయన నిలవడ్డడు. పేరు మాత్రం గాయనది ఒక్కటే వేసిన్రు."

"పదకొండు పేర్లు వేస్తే జాగ ఎక్కడిదే?" అన్నాను.

"పక్కన ఎవరిదో బర్త్‌డే ఫోటోకు జాగ ఎక్కడిదో గక్కడిదే."

సిద్ధార్థ మెల్లగా మాట్లాడే పిల్లవాడు, కానీ వదలడు. "అంకుల్, టీవీల చర్చ అంటరు గద. నిన్న గంటసేపు చూసిన. ఆడపిల్లలు రాత్రిపూట బయట తిరగొచ్చా అని చర్చ. నలుగురు మొగోల్లు ఒర్రుతున్నరు. ఒక్క మేడమ్‌ను పిలిచిన్రు, ఆమెకు నోరు తెరిచే సందియ్యలే. తిరిగేది ఎవరు, మాట్లాడేది ఎవరు?"

"మానం అనే మాట గూడ కొట్టెయ్యాలె," అంది వినీత. "ఎవడో చెడ్డపని చేస్తే పోయేది వాని మానం గావాలె. పిల్లది ఎందుకు పోతది?"

నాకు ఒళ్లు మండింది. మండిందంటే, మాట నిజమని తోచినప్పుడు మండే మంట అది. "మీరు పుట్టకముందు నుంచి రాస్తున్న. కూసున్న కాడ దిద్దుడు సులువు. ఎండల తిరిగి రాస్తే తెలుస్తది," అన్నాను. నేను రాసింది కూడా కూర్చున్న చోటే అని అప్పుడు గుర్తుకు రాలేదు.

అప్పుడు వినీత సంచిలోంచి బుధవారం పేపరు ముక్క తీసి చాప మీద పెట్టింది. ఆ వార్త. నా వార్త. చివరి వాక్యం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది.

ప్రవీణ వాళ్లది వినీతవాళ్ల గల్లీయేనట. సంగతంతా వినీత చెప్పింది. ప్రవీణకు హైదరాబాద్ దారిలో ఉన్న ములుగులో ఫారెస్ట్రీ కాలేజీలో సీటు వచ్చింది. అడవుల చదువు ఆడపిల్లకు ఎందుకు, ఇక్కడే డిగ్రీ చదువుకో అన్నాడు తండ్రి. ఆ మంగళవారం సర్టిఫికెట్లు చూపించాల్సిన రోజు. చెబితే వద్దంటాడని, ఫోను ఉంటే వెనక్కి పిలుస్తారని, చెప్పకుండా మొదటి బస్సు ఎక్కి పోయింది. రాత్రికి తిరిగి వచ్చేసరికి ఉప్పలయ్య గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాడట. బిడ్డ కంటబడగానే తిట్టలేదు, కొట్టలేదు. గట్టిగా పట్టుకుని, "గంత మనసుంటే పో బిడ్డా, చదువుకో" అన్నాడట.

"రాత్రి పొమ్మన్నడు," అంది వినీత. "పొద్దుగాల పేపర్ వచ్చింది. గంతే. నువ్వు గడప దాటితే నా పీనిగను జూస్తవ్ అన్నడు. వచ్చే శుక్రవారం లోపల చేరకపోతే సీటు వేరేటోల్లకు పోతది. అక్క అన్నం తింటలేదు."

నా చేతుల్లో చాయ్ చల్లబడిపోతోంది. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోపు సిద్ధార్థ, "అంకుల్, ఇది మీ పేపరే గద?" అన్నాడు.

నాకంటే ముందే సింధుజ లేచింది. "పేపర్ గదే. కానీ మా బాపు గిట్ల రాయడు. గా క్రైం చూసేటాయన ఉన్నడు, గాయన పనే అయ్యుంటది. మా బాపుకు ఎంత కోపమున్నా, ఆడపిల్ల మీద తెల్వని మాట రాయడు."

ఆ మాట అంటున్నప్పుడు అది నా వైపు చూసింది. నవ్వింది. చిన్నప్పుడు హెడ్డింగు మొత్తం తప్పు లేకుండా చదివినప్పుడు నవ్వే నవ్వు అది. నేను గ్లాసులు కింద పెట్టి మెట్లు దిగిపోయాను.

అరగంటకు అదే కిందికి వచ్చి, నా చేతిలో ఒక కవరు పెట్టింది. సంపాదకుడికి లేఖ. ముగ్గురి సంతకాలు. 'ప్రవీణ గురించి చర్చించుకున్న స్థానికులు ఎవరో దయచేసి పేర్లు రాయండి. పేర్లు లేకపోతే ఆ మాట తప్పని రాయండి. ఒక అమ్మాయి చదువు దాని మీద ఆగిపోయింది.' అక్షరాలు సింధుజవి. గుండ్రంగా, ఒకదాన్నొకటి తగలకుండా.

"మెయిల్ చేస్తే ఎవ్వరు చూడరు బాపూ. రేపు పేపర్ ఆఫీస్ల మీటింగుకు పోతవ్ గద, నువ్వే చేతికియ్యి," అంది.

మరునాడు మీటింగుకు పోయాను. కవరు చొక్కా జేబులో ఉంది. డెస్కు ఇన్‌చార్జి ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాను. తీయలేదు. ఎందుకు తీయలేదంటే ఏం చెప్పను? భయం. 'ఎవడు రాశాడిది?' అని ఆయన అడుగుతాడు, అక్కడ ఇంకో ఇరవై మంది ఉన్నారు. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలోనే, "ఇచ్చినవా బాపూ?" అంది సింధుజ.

"ఇచ్చిన," అన్నాను.

బిడ్డతో అబద్ధం ఆడటం అదే మొదటిసారి అనను. కానీ అది ఇంత సులువుగా నమ్మడం నాకు అంతకుముందు ఎప్పుడూ బాధనిపించలేదు.

ప్రసూన దగ్గర మాత్రం ఇలాంటివి సాగవు. చొక్కా ఉతకడానికి తీస్తూ జేబులో కవరు చూసింది. చదివింది. నా మొహం చూసింది.

"నువ్వే రాసినవ్ గద?" అంది.

నేను కవరు కోసం చెయ్యి చాపాను.

"పిల్లకు నేను చెప్ప. నువ్వే చెప్తవ్," అని కవరు మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టింది. ఆ రోజు చారులో ఉప్పు వేయడం మర్చిపోయింది. మర్చిపోయిందనే అనుకుంటున్నాను.

మంగళవారం పేపరులో లేఖ రాలేదు. బుధవారమూ రాలేదు. ఎలా వస్తుంది? సింధుజ పేపరు మడిచి పక్కన పడేసింది. "వాల్లు వేసేటట్టు లేరు బాపూ. నువ్వు మాత్రం ఏం జేస్తవ్. ఇంక రెండు రోజులే ఉన్నయి. కాలేజీ అయినంక మేమే ఉప్పలయ్య మామ కాడికి పోతం. బతిమిలాడుతం."

ఆ మనిషి మండిపడి ఉన్నాడు. ఈ ముగ్గురూ పోయి డాబా మీది వాదం ఎత్తితే చీపురు తిరగేస్తాడు. నా తప్పుకు నా బిడ్డ తిట్లు తినాలా? వాళ్లకంటే ముందే పోయి పని ముగించుకుని రావాలని, నాలుగింటికల్లా బండి తీశాను.

ఉప్పలయ్య ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. గల్లీ మొత్తంలో మగ్గాలు ఆడుతున్నాయి, ఆ ఒక్క ఇల్లే నిశ్శబ్దంగా ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం పెరిగి. పేపరతన్ని అని చెప్పాను. కోప్పడతాడనుకుంటే లేచి కుర్చీ వేశాడు. ఆయన భార్య అంజవ్వ మంచినీళ్లు తెచ్చింది. వెనక గదిలో గోడకు ఆనుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా. ప్రవీణ అంటే ఎవరో అప్పుడు చూశాను. వార్త రాసిన ఎనిమిది రోజులకు.

"మగ్గం ఎందుకు ఆపినవన్నా?" అని అడిగాను. అసలు మాట నోటికి రాక అడిగిన ప్రశ్న అది.

"పడుగు లేదు సారూ," అన్నాడు. మగ్గం ఎక్కించే ముందు ఆ పొడుగు దారాలను పొద్దున్నే గల్లీలో చాపి గంజి పట్టించాలి. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు పట్టుకుంటే గానీ కాదు. "ముప్పై ఏండ్ల సంది నాకు ఆ కొస పట్టేది రాజమల్లు. నేను వానికి పడ్త. పక్కింటోడే. వారమాయె, వాన్ని పిలుస్తలేను."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె." ఆయన గొంతు తగ్గించాడు. "పేపర్ల పడ్డది గద, స్థానికులు అంటున్నరని. గల్లీల ఎవడో అన్నడన్నట్టే గద. ఎవడన్నడో నాకు తెల్వాలె సారూ. చాయ్ హోటల్ కాడ అడిగిన. కల్లు కాంపౌండ్ల అడిగిన. మేమనలే అంటరు అందరు. అనకుంటే పేపర్ల ఎట్ల వడ్తది? గా పొద్దు నా బిడ్డ గల్లీ దాటంగ చూసినోడు రాజమల్లు ఒక్కడే. వాడే అన్నడు. వాడు గాకపోతే ఎవడు?"

నేను పాడు చేసింది ఒక పిల్ల చదువే అనుకుంటూ వచ్చాను. ఈ ముసలి మనిషి వారం రోజులుగా, లేని మనిషి కోసం గల్లీ గల్లీ వెతుకుతున్నాడు. దొరక్క, ముప్పై ఏళ్ల స్నేహితుడి మెడకు చుట్టాడు.

చెబుదామని గ్లాసు కింద పెట్టాను. అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు. ముగ్గురూ లోపలికి వచ్చారు. వాళ్లకు ఆఖరి పీరియడ్ జరగలేదట. నా గ్రహచారం!

"బాపూ! నువ్వు గూడ వచ్చినవా!" సింధుజ మొహం వెలిగిపోయింది. ఉప్పలయ్య వైపు తిరిగి, "మామా, గీయన మా బాపు. గదే పేపర్ల పనిచేస్తడు. మేం రాసిన లెటర్ తీస్కపోయి ఇచ్చింది గూడ మా బాపే," అంది.

ఉప్పలయ్య నిటారుగా కూర్చున్నాడు. రెండు చేతులూ జోడించాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు. "గట్లయితే సారూ, మీకు ఎర్కనే ఉంటది. నేను లొల్లి జెయ్య. ఒట్టు. నాకు పేరు చెప్పున్రి చాలు. గా స్థానికులు ఎవలు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ప్రవీణ కూడా గోడ వదిలి గుమ్మంలోకి వచ్చింది. నేను నా బిడ్డ వైపు చూడకుండా ఉందామనుకున్నాను. చూశాను. అది ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఎవ్వలు లేరన్నా," అన్నాను. "ఎవ్వలూ ఏం అనలే. నేను ఈ గల్లీకే రాలే. ఎవ్వరిని అడగలే. బస్టాండ్ కాడ హోటల్ల కూసోని, బజ్జీ తినుకుంట, నా అంతట నేనే రాసిన. స్థానికులు అంటే నేనొక్కన్నే."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అంజవ్వకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నీ చేతులు విరగ," అంది మెల్లగా. అంతకంటే మెల్లగా ఎవరూ నన్ను తిట్టలేదు.

"లెటర్?" అంది సింధుజ.

జేబులోంచి కవరు తీశాను. మూడు రోజుల చెమటకు మెత్తబడిపోయి ఉంది. "ఇయ్యలే బిడ్డా. అబద్ధం చెప్పిన."

అది కవరు వైపు చూసింది. నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి బయటికి పోయింది. వినీత వెంట పరుగెత్తింది. సిద్ధార్థ ఒక నిమిషం నిలబడి, ఏం చేయాలో తోచక, నాకే నమస్కారం పెట్టి పోయాడు.

ఉప్పలయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన లేచి అరుగు దిగి పక్కింటి తలుపు ముందు నిలబడ్డాడు. "రాజమల్లూ! ఓ రాజమల్లూ! జర బయటికి రా," అని పిలిచాడు.

మగ్గం చప్పుడు ఆగింది. బక్కపలచని మనిషి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రాజమల్లయ్య.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ఉప్పలయ్య నాతో. సారూ అనలేదు. "నాకు చెప్పినట్టే ఈనికి చెప్పు."

చెప్పాను. రెండోసారి చెప్పడం సులువు కాలేదు. గల్లీలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఆడవాళ్లు, పిల్లలు, నూలు కండెలు చుట్టే ముసలమ్మలు బయటికి వచ్చారు. వాళ్లే స్థానికులు. ఇరవై రెండేళ్లుగా నేను వాళ్ల పేరు చెప్పి రాస్తున్నాను, వాళ్లేమో నన్ను మొదటిసారి చూస్తున్నారు.

రాజమల్లయ్య అంతా విన్నాడు. నన్ను పట్టించుకోలేదు. "అంటే వారం సంది నా మొఖం సూడంది గిందుకా?" అన్నాడు ఉప్పలయ్యతో. "ప్రవీణను భుజాల మీద ఏసుకోని బతుకమ్మకు తిప్పినోన్ని. నేను గట్లంటనారా? అడిగితే అయిపోతుండె గద!"

"అడగనీకె భయమైందిరా," అన్నాడు ఉప్పలయ్య. "ఔనంటవేమోనని భయమైంది."

రాజమల్లయ్య ఆయన్ను దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరు ముసలివాళ్లు గల్లీ మధ్యలో ఒకరి భుజం మీద ఒకరు ఏడుస్తుంటే, నాకు కూడా కన్నీళ్లు వచ్చాయి. సిగ్గు లేకుండా ఏడ్చాను. నన్నెవరూ ఓదార్చలేదు, అది సబబే.

"బాపూ," అంది వెనక నుంచి ప్రవీణ. "నేను పోవచ్చునా మరి?"

ఉప్పలయ్య కళ్లు తుడుచుకున్నాడు. "పో బిడ్డా. రేపు పొద్దుగాల బస్సుకే పో. గీసారి జర చెప్పి పో."

నేను బండి దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో ఒక జత చెప్పులు మిగిలి ఉన్నాయి. సింధుజవి. అది వట్టి కాళ్లతోనే పోయింది. వాటిని హ్యాండిలుకు తగిలించుకుని ఇంటికి వచ్చాను. దాని గది తలుపు వేసి ఉంది. చెప్పులు గుమ్మం ముందు పెట్టి, నేను డాబా మీదికి పోయి ఆ లేఖను చాప మీద పరిచాను. ముగ్గురి సంతకాల కింద నాలుగోది నేను పెట్టాను. పేరు స్పష్టంగా రాశాను. ఫోటో తీసి డెస్కుకు పంపి, ఫోను చేశాను.

"నీకు పిచ్చా?" అన్నాడు ఇన్‌చార్జి. "ఇది వేస్తే నీ విలేకరి గుర్తింపు కార్డు సంగతి నేను చెప్పలేను."

"చెప్పకున్రి. వెయ్యున్రి," అన్నాను. నా కోపం ఒక మంచి పనికి ఉపయోగపడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. అరిచాను, బెదిరించాను, చివరికి బతిమిలాడాను.

మరునాడు పొద్దున్నే మళ్లీ ఆ గల్లీకి పోయాను. ఎందుకో ఉండలేకపోయాను. గల్లీ పొడవునా పడుగు చాపి ఉంది. ఈ కొసన ఉప్పలయ్య, ఆ కొసన రాజమల్లయ్య. మధ్యలో గంజి పట్టిస్తున్న ఆడవాళ్లు. ప్రవీణ సర్టిఫికెట్ల సంచి చంకన పెట్టుకుని, దారాలకు తగలకుండా గోడ పక్క నుంచి ఒదిగి నడిచి వచ్చింది. చేతిలో కొస వదిలితే పని చెడుతుంది కాబట్టి తండ్రి చెయ్యి ఊపలేకపోయాడు. "నడిమిట్ల ప్రజ్ఞాపూర్ల దిగకు, సక్కగ ములుగు దాంక పో," అని మాత్రం నాలుగుసార్లు అరిచాడు. అంజవ్వ కూడా వెంట పోయింది, చిన్న టిఫిన్ డబ్బాతో.

నన్ను దాటుతూ ప్రవీణ ఆగింది. "సారూ, ఈసారి నా గురించి రాస్తే నన్ను అడుగున్రి," అంది. అంతే, బస్సుకు పోయింది.

శనివారం పేపరులో వివరణ వచ్చింది. ఏడో పేజీలో, నాలుగు లైన్లు, అడుగున. ప్రవీణ కాలేజీ పని మీద వెళ్లిందని, ప్రచురించిన కారణం అవాస్తవమని, ఎవరినీ విచారించకుండా రాశామని, చింతిస్తున్నామని. నా పేరు డెస్కు తీసేసింది. కార్డు సంగతి ఇంకా ఎటూ తేలలేదు. తేలినప్పుడు చూద్దాం. రాజమల్లయ్య ఆ ముక్క కత్తిరించి మగ్గం పైన గోడకు అంటించాడని వినీత చెప్పిందట, ప్రసూన నాకు చెప్పింది. నాతో మాట్లాడే మనిషి ఇంట్లో అప్పటికి ప్రసూన ఒక్కతే.

నాలుగు రోజులు సింధుజ నాతో మాట్లాడలేదు. అరిస్తే జవాబు చెప్పవచ్చు. అది అరవలేదు. అన్నం పెడితే తిన్నది, ఎదురైతే పక్కకు జరిగింది. దాని కోపం నాలాగా ముక్కు మీద ఉండదు, ఎక్కడో లోపల ఉంటుంది. అది నేను నేర్పింది కాదు.

ఆదివారం పొద్దున ఆ పిల్లలిద్దరూ ఇంకా రాలేదు. సింధుజ ఒక్కతే డాబా మీద చాప పరుచుకుని కూర్చుంది. ముందు వారం పేపర్లు, చేతిలో ఎర్ర పెన్ను. నేను చాయ్ తీసుకుని మెట్ల చివర నిలబడ్డాను. లోపలికి రావచ్చో లేదో తెలియక, నా డాబా మీద నేనే పరాయివాడిలా నిలబడ్డాను.

అది శనివారం ఏడో పేజీ తీసింది. ఆ నాలుగు లైన్లు చదివింది. పెన్ను పెట్టలేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"గా లెటర్ పంపినవా?"

"పంపిన."

"నిజంగనా?"

"ఫోన్ల ఉంది, చూస్తవా?"

"వద్దు." ఆ పేజీ మడిచింది. "మూడు సంతకాలతోని పంపినవా?"

"నాలుగు," అన్నాను.

అది పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది. మొహం పక్కకు తిప్పుకుని మోచేత్తో కళ్లు తుడుచుకుంది. తర్వాత చాప మీద కొంచెం జరిగి నాకు జాగ ఇచ్చింది.